చిత్రిక పట్టిన తుపాకీ

సౌదీ అరేబియాలోని హుఫూఫ్‌లో మా కఫీల్ గారి మజ్లిస్ గోడకు ఒక పాత రష్యన్ తుపాకీ ఉండేది. దాని మీది అక్షరాలు చదవగలిగినవాణ్ణి ఆ ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను. నా వల్ల ఇతరులకు జరిగిన నష్టాల్లో చాలావాటికి ఇలాంటి గొప్పే ఏదో ఒకటి మూలం.

కఫీల్ అంటే అక్కడ మన కాగితాలకు పూచీ ఉన్న యజమాని. మన పాస్‌పోర్టు ఆయన ఆఫీసు బీరువాలో ఉంటుంది. ఆయన సంతకం పెట్టి ఎగ్జిట్ ఇస్తే తప్ప పెళ్ళికైనా చావుకైనా దేశం దాటలేం. మా కఫీల్ అరవై దాటిన మనిషి. చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి సంగతుల్లో తప్పంతా కఫీల్ మీదికి నెట్టేయడం చాలా తేలిక. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పుకు తిరిగాను.

మాది కృష్ణా జిల్లా. మా నాన్న ఎర్రజెండా మనిషి కావడంతో నాకు సోవియట్ దేశంలో చదువుకునే అవకాశం వచ్చింది. ఆరేళ్ళు మంచులో తిరిగి మెకానికల్ ఇంజనీరునై వచ్చేసరికి ఆ దేశమే లేకుండా పోయింది. హైదరాబాదులో ఇంటర్వ్యూలకు వెళితే నా డిగ్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏ భాషండీ ఇది?" అని నవ్వేవారు. ఆ భాష నాకు ఒక్క పూట అన్నం పెట్టలేదు. చివరికి గల్ఫ్ చేరి ఏసీలు, పంపులు, జనరేటర్లు చూసుకునే మెయింటెనెన్స్ ఇంజనీరుగా కుదురుకున్నాను. లోపల మాత్రం ఇంతకంటే పెద్ద పనికి పుట్టానన్న పొగరు చావలేదు.

రెండువేల మూడో సంవత్సరం వేసవి. కఫీల్ తోటలోని మజ్లిస్‌ను, అంటే మగ అతిథులను కూర్చోబెట్టే పెద్ద హాలును, కొత్త చెక్కపనితో తిరిగి బాగుచేయిస్తున్నారు. ఏసీ గొట్టాలు చూడటానికి వెళ్ళాను. గోడకు వేలాడుతున్న తుపాకీ దగ్గర ఆగాను. తూటా పేల్చే బోల్టు లేదు. అది కఫీల్ తీసి విడిగా తాళం వేసి పెట్టుకున్నాడు. కట్టె భాగానికి ఎవరో ఎప్పుడో పచ్చ రంగు పూశారు. ఇనుము మీద మాత్రం ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. పైకే చదివాను. ఫలానా ఫ్యాక్టరీ, మాస్కోకు దక్షిణాన ఉన్న ఊరు, తయారైన సంవత్సరం.

"నీకు ఆ భాష వచ్చా, ముహందిస్?" అన్నాడు కఫీల్ వెనక నుంచి. ముహందిస్ అంటే ఇంజనీరు. నా పేరు ఆయన ఎన్నడూ పలకలేదు.

వచ్చన్నాను. పన్నెండేళ్ళలో మొదటిసారి ఒక మనిషి నా రష్యన్ విని సంతోషించాడు. ఆయన తమ్ముళ్ళిద్దరినీ పిలిచాడు. గహ్వా, అంటే వాళ్ళ కాఫీ, తెప్పించాడు. ఖర్జూరాల పళ్ళెం నా ముందుకు తోసి, ఆ తుపాకీ కథ చెప్పాడు. తుర్కీ సైన్యం హుఫూఫ్ కోట ఖాళీ చేసి వెళ్ళిపోయిన రోజున, ఇంకా మీసాలు సరిగ్గా రాని వాళ్ళ నాన్న, ఒక తుర్కీ సిపాయి చేతుల్లోంచి దాన్ని లాక్కున్నాడట. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లాడూ ఈ కథ విని పెరిగినవాడే. చెబుతున్నంతసేపూ తమ్ముళ్ళు తలలూపుతూనే ఉన్నారు.

తల నేనూ ఊపి ఊరుకుని ఉంటే సరిపోయేది. "అలా జరగడానికి వీల్లేదండీ" అన్నాను. తుర్కులు హుఫూఫ్ వదిలిన మూడేళ్ళకుగాని ఈ తుపాకీ తయారే కాలేదని, సంవత్సరం ఇదిగో ఇక్కడే చెక్కి ఉందని వేలుపెట్టి చూపించాను. చిన్న తమ్ముడు చేతిలోని కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"మా నాన్న అబద్ధం చెప్పడు" అన్నాడు కఫీల్.

నేను మళ్ళీ సంవత్సరం చూపించాను.

ఇక వడ్రంగి మేస్త్రీ సంగతి. ఆ మజ్లిస్‌లో తలుపులు, కిటికీలు, గోడల చెక్కపని అంతా ఆయనదే. జగిత్యాల దగ్గరి పల్లె. యాభై ఏళ్ళుంటాయి. గల్ఫ్‌కు వచ్చి పదకొండేళ్ళు. కులవృత్తి చేతిలో ఉన్నవాడు కాబట్టి క్యాంపులో మిగతావాళ్ళకంటే కొంచెం తలెత్తుకుని తిరిగేవాడు. తన పనిముట్ల పెట్టెను ఇంకొకరు ముట్టుకుంటే ఊరుకునేవాడు కాదు. ఒక తలుపు పూర్తయ్యాక అరచేత్తో దాన్ని పైనుంచి కిందిదాకా నిమిరి, ఎక్కడైనా గరుకు తగిలితే ముఖం చిట్లించుకునేవాడు. చిట్లించుకున్న చోట మళ్ళీ మొదటి నుంచి చేసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"సారు, ఒక్క ముచ్చట. మా ఇంటామెకు గర్భసంచిల క్యాన్సరని చెప్పిన్రట. ఐద్రబాదుకు తోల్కపోయిన్రు. ఆపరేషన్ అయితలేదన్నరట. దగ్గర ఉండి చూసుకోండ్రి అన్నరట డాక్టర్లు. గట్లంటే ఏంది సారు మరి?"

గట్లంటే ఏమిటో ఆయనకు తెలుసు. నా నోటితో ఇంకోలా చెప్పించుకోవాలని వచ్చాడు. ఏదో ఒకటి చెప్పాను.

"నాకు ఒక్క నెల చుట్టీ ఇప్పియ్యుండ్రి సారు. చూసొస్త. మళ్ల వచ్చి పనంత చేస్త. నాకు అరబ్బి సక్కగ రాదు. మీరు చెప్తే ఇంటడు."

కఫీల్‌కు చెప్పాను. ఆయన విసుక్కోలేదు. అలసటగా చూశాడు. "ముహందిస్, నా దగ్గర డెబ్బై మంది పనివాళ్ళు. డెబ్బై మంది భార్యలకూ జబ్బే. రంజాన్‌లోపు మజ్లిస్ పూర్తి కావాలి. రంజాన్ నెలంతా మనుషులు వస్తారు. వడ్రంగి పోతే తలుపులెవరు పెడతారు?"

అప్పటికి తుపాకీ సంవత్సరం ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. నేను మళ్ళీ చూశాను దాన్ని. ఈసారి ఒక భూతద్దం తీసుకుపోయాను. బ్యారెల్ పక్కన చిన్న నెలవంక గుర్తు కనిపించింది. గురి చూసుకునే పట్టీ మీద మామూలు అంకెల పక్కనే అరబ్బీ అంకెలు చెక్కి ఉన్నాయి. దాంతో నాకు కథ తోవ దొరికింది. ఇంటర్నెట్ కఫేలో కూర్చుని పాత తుపాకుల పిచ్చివాళ్ళు రాసుకునే పేజీలన్నీ చదివాను. మొదటి ప్రపంచయుద్ధంలో మంచుకొండల మీద రష్యన్ల దగ్గర తుర్కులు వేలకొద్దీ తుపాకులు పట్టుకున్నారు. వాటి మీద తమ గుర్తులు వేసుకున్నారు. అవి పట్టుకుని అరేబియా పడమటి వైపుకు వచ్చారు. అక్కడ యుద్ధంలో అవి మళ్ళీ చేతులు మారాయి.

ఇది చెప్పగానే కఫీల్ లేచి నిలబడ్డాడు. "మా నాన్న పెళ్ళికి ముందు పడమటి దిక్కున రెండేళ్ళు ఒంటెలతో తిరిగాడు!" అన్నాడు. తుర్కీవాడి చేతుల్లోంచే లాక్కుని ఉండవచ్చు, ఇక్కడ కాదు, అక్కడ. చెప్పీ చెప్పీ ఊరు మారిపోయి ఉంటుంది. ఆయన నన్ను కౌగిలించుకున్నంత పని చేశాడు. ఇప్పుడు ఆయనకు ఇంకొకటి కావాల్సివచ్చింది. తుర్కీవాడికంటే ముందు దాన్ని మోసిన రష్యావాడు ఎవడు?

పచ్చరంగు కొంచెం పెచ్చులూడిన చోట, భుజానికి ఆనించుకునే కట్టె మీద, కత్తితో చెక్కిన మూడు రష్యన్ అక్షరాలున్నాయి. మూడూ కలిపి మార్ అని చదువుకోవచ్చు. ఏదో పేరుకు మొదలు. మిగతాది రంగు కింద ఉంది. ఈ సంగతి కఫీల్‌కు చెప్పి, అదే ఊపులో బేరం పెట్టాను. "పేరు కనుక్కుని తెస్తే వడ్రంగిని నెలరోజులు పంపుతారా?"

"తీసుకురా. పంపుతాను" అన్నాడు.

నేను చేసిన మొదటి పెద్ద తప్పు అదే. అప్పుడు నాకు అది తెలివిగా అనిపించింది. మేస్త్రీతో కూడా గర్వంగా చెప్పాను. తుపాకీ కథ కనుక్కుంటే చుట్టీ వస్తుందని. ఆయన నాకు రెండు చేతులూ జోడించాడు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజ్ అయ్యాక కఫీల్ నన్ను పిలిపించేవాడు. నేను ఆ వారం తెలుసుకున్నది చెప్పేవాణ్ణి. ఆ తుపాకీ ఎంత బరువు, చలికి ఇనుముకు చర్మం ఎలా అంటుకుపోతుంది, పల్లెటూరి రైతులకు దాన్ని ఇచ్చి యుద్ధానికి ఎలా తోలారు. నా చదువు రోజుల మంచు గురించి కూడా కలిపేవాణ్ణి. వాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని వినేవారు. ఏసీ బాగుచేసేవాణ్ణి మెత్తల మీద కూర్చోబెట్టి వింటున్నారు! నాకది ఎంత రుచించిందో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఐదు శుక్రవారాలు గడిచిపోయాయి. రంగు గీకి ఆ పేరేదో చూస్తే ఒక్క పూటలో తేలేది. రష్యాలో ఉన్న నా పాత క్లాస్‌మేట్‌కు మూడక్షరాలకు పెన్సిల్‌తో తీసిన అచ్చు పంపి, జవాబు కోసం తీరిగ్గా ఎదురుచూశాను.

మేస్త్రీ రోజూ అడిగేవాడు. "ఏమన్న తెలిసిందా సారు?"

"వస్తోంది మేస్త్రీ, వస్తోంది."

క్లాస్‌మేట్ రాశాడు. మూడక్షరాలతో ఏమీ చెప్పలేను, రంగు జాగ్రత్తగా తీసి మిగతావి పంపు అని. అదే వారం నాకు రాస్ తనూరాలో మూడు రోజుల పని పడింది. వెళుతూ వెళుతూ కఫీల్ అనుమతితో తుపాకీని గోడ మీంచి దింపి, మజ్లిస్ వెనక షెడ్డులో ఉన్న మేస్త్రీ చేతికిచ్చాను.

"యుద్ధం చూసిన తుపాకీ ఇది. దీని పచ్చరంగు తీసెయ్ మేస్త్రీ. కింది కట్టె బయటపడాలి."

అంతే చెప్పాను. అక్షరాల సంగతి చెప్పలేదు. రష్యన్ రాత, సైనికుడు, చరిత్ర, ఇవన్నీ వడ్రంగికెందుకులే అనుకున్నాను. ఆయన తుపాకీని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. అది చూసి నాకు నవ్వు కూడా వచ్చింది.

తిరిగి వచ్చిన రోజు దసరా. అక్కడ పండగలు గుర్తుండవు, ఎవరో ఫోన్ చేస్తే తెలియాలి. మధ్యాహ్నం నేను బండి దిగేసరికి మేస్త్రీ తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. నా చేతిలో నాలుగు ఆకులు పెట్టాడు. రోడ్డు పక్కన పెరిగే ఏదో ముళ్ళచెట్టు ఆకులు.

"బంగారం సారు. జమ్మి కాదుగని జమ్మిసొంటిదే. తీసుకోండ్రి."

వాళ్ళ వైపు దసరాకు జమ్మి ఆకును బంగారమని ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకుంటారు. ఆయన నన్ను వాటేసుకున్నాడు. తరవాత నన్ను లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేశాడు. గుడ్డ పరిచిన బల్ల మీద ఆయన ఉలులు, రంపాలు, బాడిస, చిత్రిక వరసగా ఉన్నాయి. ఒక్కోదానికీ నూనె రాసి పసుపు కుంకుమ బొట్లు పెట్టాడు. వాటి నడుమ తుపాకీ.

నేను దాన్ని గుర్తుపట్టలేదు. కట్టె ఎర్రగా, అద్దంలా మెరుస్తోంది. కింది నుంచి పైదాకా ఎక్కడా ఒక్క గీత లేదు.

"పెద్ద ఆయుధం సారు. యుద్ధం జూసిందంటిరి మీరు. దసరనాడు గసొంటిది చేతికస్తే, రంగు తీసి ఊకుంటె పాపం గాదా? పొద్దుగాల మూడింటికి లేసిన. గీకిన, ఉప్పు కాగితం మూడు నంబర్లు పట్టిన, గీ జాగల ఎవడో కత్తితోని గీకి గీకి పాడు జేసిండు సారు, గీడ ఉప్పు కాగితానికి గాలే. చిత్రిక పట్టిన. నున్నగైంది. చేయి పెట్టి చూడుండ్రి."

నా చేతిని పట్టి ఆయనే కట్టె మీద పెట్టాడు. నిజంగానే నున్నగా ఉంది. అక్షరాలున్న చోట కొంచెం పల్లం తగిలింది, అంతే.

నేను అరిచాను. ఏమేమి అన్నానో అన్నీ గుర్తులేవు. గుర్తున్నవి రాయను. ఎనభై ఏళ్ళుగా నిలిచిన మనిషి రాతను ఒక్క పూటలో తుడిచేశావన్నాను. చదువులేనివాడి చేతికివ్వడం నాదే బుద్ధితక్కువ అన్నాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. గీతలు అక్షరాలని, ఆ అక్షరాల కోసమే నేను ఐదు వారాలుగా తిరుగుతున్నానని, తన చుట్టీ వాటి మీదే వేలాడుతోందని కొంచెం కొంచెంగా తెలిసింది. నేల మీద చూశాడు. పొద్దున్నే ఊడ్చేసినట్టున్నాడు, పొట్టు కూడా లేదు.

"సారు" అన్నాడు. "ఏదో ఒక పేరు చెప్పుండ్రి. ఆయనకేం తెలుస్తది? మీరు చెప్పిందే పేరు."

"నేను అబద్ధాలు చెప్పను మేస్త్రీ."

ఎంత నిక్కచ్చిగా అన్నానంటే, ఇప్పటికీ ఆ గొంతు నాకు వినిపిస్తుంది. కట్టె, ఇనుము కలిసే సందులో కొంచెం కుంకుమ ఉండిపోయింది. ఆ దేశంలో మన పూజలు నేరం, మజ్లిస్‌లో అది ఎవరైనా చూస్తే మాకిద్దరికీ ముప్పు. బొటనవేలితో తుడిచేసి, తుపాకీ తీసుకుని బయటికి వచ్చేశాను. ఆయన ఇచ్చిన ఆకులు అక్కడే బల్ల మీద మర్చిపోయాను.

శుక్రవారం కఫీల్ ముందు గుడ్డ విప్పాను. ఆయన ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. "మాషా అల్లా!" అన్నాడు. తుపాకీని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. తమ్ముళ్ళను పిలిచాడు. "మా నాన్న చేతికి వచ్చినరోజు ఇలాగే ఉండి ఉంటుంది. ఈ పని ఎవరిది? వడ్రంగిదా? వాడి చేతుల్లో బరకత్ ఉంది" అన్నాడు. ముసలాయన కళ్ళలో నీళ్ళు చూశాను. ఆ నిమిషంలో పెన్ను చేతికిస్తే నేను ఎక్కడ చూపిస్తే అక్కడ ఆయన సంతకం పెట్టేవాడు. ఇది నేను తరవాత ఊహించుకుంటున్నది కాదు, అప్పుడే నాకు తెలుసు.

"మరి ఆ రష్యావాడి పేరు?" అన్నాడు నవ్వుతూ.

ఏ పేరైనా సరిపోయేది. నా హాస్టల్ గదిలో ముగ్గురు రష్యన్ కుర్రాళ్ళుండేవారు, వాళ్ళలో ఎవరి పేరైనా సరిపోయేది. కానీ నాకు లోపల ఇంకా మంట చల్లారలేదు. నా ఐదు వారాల పని బూడిదయిందన్న ఉక్రోషం. నా పరిశోధన, నా సైనికుడు, నా రష్యన్. అందులో మేస్త్రీ భార్య ఎక్కడా లేదు.

"పేరు పోయింది. మీ వడ్రంగి చిత్రిక పట్టి చెరిపేశాడు" అన్నాను.

పెద్ద తమ్ముడు వంగి కట్టెను చూశాడు. కఫీల్ మాత్రం చూడలేదు. తుపాకీని మెల్లగా మెత్త మీద పెట్టాడు.

"అడగకుండా చేశాడా?"

రంగు తీయమంది నేనే అని చెప్పాను. ఆ మాట చిన్నగా చెప్పాను. ఆయన వినలేదో, విని పట్టించుకోలేదో.

"రంజాన్‌లోపు తలుపులు పూర్తి చేయమను" అన్నాడు. ఆ పూట గహ్వా రాలేదు.

మేస్త్రీ నన్ను ఏమీ అనలేదు. ఏమన్నాడు కఫీల్ అని కూడా అడగలేదు. నా ముఖం చూసి తెలుసుకున్నాడు. తలుపుల పని రెట్టింపు వేగంతో చేయడం మొదలుపెట్టాడు, తొందరగా అయితే తొందరగా పంపుతాడేమోనని. భోజనానికి కూడా షెడ్డు వదిలేవాడు కాదు. నేను అటుగా వెళితే "నమస్తే సారు" అనేవాడు. ఆ నమస్తేలో తేడా ఏమీ లేదు. ఏదైనా ఉంటే బాగుండుననిపించేది.

వారం గడిచాక సిగ్గు విడిచి కఫీల్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి తుపాకీ ఊసెత్తలేదు. ఆమెకు జబ్బు ముదిరిందని, బతకదని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"అలాంటిదైతే డాక్టర్ కాగితం ఏదీ? ఆస్పత్రి కాగితం తెస్తే నేను ఎవరినైనా ఆపానా? నీకు తెలియదా?"

తెలుసు. ఏడేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను, ముగ్గురు నలుగురు అలా కాగితం చూపించి వెళ్ళడం చూశాను కూడా. కానీ మొదటి రోజు నుంచీ నా తల నిండా తుపాకీయే ఉంది. అంత గొప్ప బేరం చేతిలో ఉండగా మామూలు ఆస్పత్రి కాగితం ఎవరికి గుర్తొస్తుంది? ఆ రోజే మేస్త్రీ బావమరిదికి ఫోన్ చేయించాను. ఆయన హైదరాబాదు వెళ్ళి, డాక్టరును పట్టుకుని, కాగితం రాయించి, ఫ్యాక్స్ చేసేసరికి ఐదు రోజులు పట్టింది. మంగళవారం మా ఆఫీసు మిషన్‌లోంచి అది బయటికి వచ్చింది. కఫీల్ అప్పటికే రియాద్ వెళ్ళాడు, శనివారంగాని రాడు. ఫోన్‌లో కదిపితే మళ్ళీ కాదంటాడేమోనని ఆయన వచ్చేదాకా ఆగుదామనుకున్నాను.

గురువారం పొద్దున్న షెడ్డులో రంపం చప్పుడు ఆగిపోయింది. నేను పక్కనే జనరేటర్ దగ్గర ఉన్నాను. చాలాసేపు ఆగిపోయేసరికి వెళ్ళి చూశాను. మేస్త్రీ సగం చెక్కిన తలుపు మీద తల ఆనించి కూర్చున్నాడు. ఫోన్ ఒళ్ళో ఉంది.

"అయిపాయె సారు" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. చేయి పట్టుకోవాలనిపించింది, పట్టుకునే అర్హత లేదనిపించింది. కొంతసేపటికి ఆయనే లేచి పనిముట్లు తుడిచి పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

రియాద్‌కు ఫోన్ చేశాను. కఫీల్ విన్నాడు. అల్లా పేరు తలుచుకున్నాడు. ఒక గంటలో ఆయన కొడుకు పాస్‌పోర్టు, ఎగ్జిట్ కాగితం, సాయంత్రం విమానానికి టికెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒక్క గంట! తలుపుల గురించి ఎవరూ మాట్లాడలేదు. అంత్యక్రియలకు ఆయన అందడని అందరికీ తెలుసు. ఊళ్ళో ఆ రోజుకారోజే చేసేస్తారు.

ఆయన బట్టలు సర్దుకునే వ్యవధిలో నేను ఆఫీసులో కూర్చుని ఉండలేక మెయిల్ తెరిచాను. క్లాస్‌మేట్ దగ్గర్నుంచి జవాబు వచ్చి ఉంది. నేను పంపిన పెన్సిల్ అచ్చును వాళ్ళ ఊరి మ్యూజియంలో పనిచేసే ఒక ముసలాయనకు చూపించాడట. సైనికులు తమ పేరు చెక్కుకోవడానికి భయపడేవారు, సర్కారు తుపాకీని పాడుచేశారని శిక్ష పడుతుంది, అయినా కొంతమంది ఇంట్లో ఆడవాళ్ళ పేరు చెక్కుకునేవారు అన్నాడట ఆయన. మూడక్షరాల పక్కన నాలుగో దాని అంచు కొంచెం కనిపిస్తోందట. మార్యా అయ్యుంటుంది, భార్య పేరు కావచ్చు, మిగతా రాత ఫోటో తీసి వెంటనే పంపు అని రాశాడు. చివర ఒక ఆశ్చర్యార్థకం కూడా పెట్టాడు. నేను కంప్యూటర్ కట్టేశాను.

దమ్మామ్ విమానాశ్రయానికి నేనే బండి నడిపాను. ఎండ తెల్లగా కాస్తోంది. మేస్త్రీ పక్క సీట్లో పనిముట్ల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పెట్టెను ఎవరి దగ్గరా వదలనన్నాడు. అంటే తిరిగి రాడని అర్థమైంది. ఖర్జూరపు తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యాక అడిగాడు.

"సారు, ఒక్కటడుగుత. గా కట్టె మీద ఏం రాసుండె?"

నేను రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయన ముందుకు చూస్తూనే అన్నాడు. "పండుకుంటె గదే యాదికొస్తుంది. ఎవడో ఏడనో కూసోని కష్టపడి చెక్కుకున్నదాన్ని నేను చెరిపిన. గందుకే నాకు గిట్లయిందా అని."

"రాత ఏమీ కాదు మేస్త్రీ" అన్నాను. "ఇవాళే ఉత్తరం వచ్చింది. ఒట్టి గీతలేనట. ఎవడో ఊసుపోక కత్తితో గీకాడు."

"నిజంగనా?"

"నిజం."

ఆయన ఊపిరి వదిలాడు. పెట్టె మీద చేయి వేసి ఒకసారి నిమిరాడు. "గట్లయితే మంచిగనే చేసిన" అన్నాడు.

"మంచిగానే చేశావు" అన్నాను.

ఆ తుపాకీ గురించి నేను ఆడిన ఒకే ఒక్క అబద్ధం అది. కఫీల్ నవ్వుతూ పేరు అడిగిన ఆ శుక్రవారం ఆడవలసింది.